హారియెట్ స్ట్రాటెమేయర్ ఆడమ్స్

హారియెట్ స్ట్రాటెమేయర్ ఆడమ్స్ (డిసెంబరు 11, 1892 - మార్చి 27, 1982) అమెరికాకు చెందిన బాలసాహిత్య రచయిత్రి, సంపాదకురాలు. నాన్సీ డ్రూ, హార్డీ బాయ్స్, డేనా గర్ల్స్, బాబ్సీ ట్విన్స్ వంటి ప్రసిద్ధ పుస్తక పరంపరలను తయారుచేసిన స్ట్రాటెమేయర్ సిండికేట్ అను సంస్థను 1930 నుండి 1982 వరకు, అనగా యాభై సంవత్సరాలకు పైగా నడిపింది. ఈ సంస్థను స్థాపించినది ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్. తండ్రి మరణానంతరం హారియెట్, ఆమె చెల్లెలు ఎడ్నా కలిసి సంస్థ బాధ్యతలను స్వీకరించి, బాలబాలికల అపరాధ పరిశోధక నవలలకు కథాసంగ్రహాలు వ్రాసి, వాటిని ఇతర రచయితలచేత నవలలుగా వ్రాయించారు. పుస్తకాల అట్టలపై కరోలిన్ కీన్, ఫ్రాంక్లిన్ డబ్ల్యూ. డిక్సన్ మొదలైన కల్పిత నామాలు మాత్రమే ఉండేవి. అందువలన ఈ పుస్తకాల అసలు రచయిత ఎవరు అను ప్రశ్న చాలా కాలం రహస్యంగానే ఉండిపోయి, 1980లో న్యూయార్కులోని ఒక న్యాయస్థానంలో బయటపడింది.

కుటుంబ నేపథ్యము

హారియెట్ తాతగారు హెన్రీ స్ట్రాటెమేయర్ జర్మనీ నుండి అమెరికాకు వలస వచ్చి, కాలిఫోర్నియాలో బంగారం వేటకు వెళ్ళిన వారిలో ఒకడు. తరువాత న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎలిజబెత్ పట్టణంలో స్థిరపడ్డాడు. ఆయన కుమారుడు ఎడ్వర్డ్ 1862 అక్టోబరు 4న జన్మించాడు. ఎడ్వర్డ్ యువకుడుగా ఉన్నప్పుడు కుటుంబానికి చెందిన పొగాకు దుకాణంలో పనిచేస్తూ, తీరిక వేళల్లో సరుకులు చుట్టే కాగితం మీద ఒక బాలల కథ వ్రాశాడు. ఆ కథను ఒక పిల్లల పత్రిక 75 డాలర్లకు కొని 1889లో ప్రచురించింది. ఆ కాలంలో అది చిన్న మొత్తం కాదు. కథలు వ్రాసి బ్రతకవచ్చునని అతనికి నమ్మకం కలిగించినది ఆ సొమ్మే.

1899లో ఎడ్వర్డ్ ఆర్థర్ ఎం. విన్‌ఫీల్డ్ అను కలంపేరుతో రోవర్ బాయ్స్ పరంపరను ప్రారంభించాడు. 1904లో బాబ్సీ ట్విన్స్ వెలువడింది. తనకు తోచిన కథలన్నిటినీ తానొక్కడే వ్రాయలేనని గ్రహించి, 1905 ప్రాంతంలో స్ట్రాటెమేయర్ సిండికేట్‌ను నెలకొల్పాడు. 1910లో టామ్ స్విఫ్ట్, 1927లో హార్డీ బాయ్స్ పరంపరలు ఈ సంస్థ నుండే వచ్చాయి.

బాల్యము, విద్యాభ్యాసము

హారియెట్ న్యూజెర్సీలోని న్యూఆర్క్ నగరంలో ఎడ్వర్డ్, మాగ్డలీనా దంపతుల పెద్ద కుమార్తెగా జన్మించింది. చెల్లెలు ఎడ్నా 1895లో పుట్టింది. హారియెట్ న్యూఆర్క్‌లోని బారింజర్ ఉన్నత పాఠశాలలో చదివిన తరువాత, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెల్లెస్లీ మహిళా కళాశాలలో చేరి 1914లో పట్టభద్రురాలైంది. కళాశాలలో ఉన్నప్పుడే బోస్టన్ గ్లోబ్ దినపత్రికకు విద్యాసంస్థ వార్తలు పంపేది.

చదువు ముగిసిన తరువాత ఉద్యోగం చేయాలని ఆమె ఆశించింది. కాని సంపన్న కుటుంబంలోని ఆడపిల్ల బయటకు వెళ్ళి జీతానికి పనిచేయడం తండ్రికి సమ్మతం కాలేదు. ధైర్యసాహసాలు గల బాలికలను కథానాయికలుగా చేసి పుస్తకాలు అమ్మిన వ్యక్తే సొంత కుమార్తె విషయంలో ఆనాటి సంప్రదాయాన్ని విడువలేదు. చివరకు ఒక రాజీ కుదిరింది. ఇంటి వద్దనే ఉండి సిండికేట్ వ్రాతప్రతులను సరిచూడటానికి ఆయన అంగీకరించాడు. 1915లో రస్సెల్ వ్రూమ్ ఆడమ్స్‌తో వివాహం జరిగిన తరువాత ఆ పని కూడా ఆగిపోయింది. ఆ దంపతులకు నలుగురు పిల్లలు. తరువాతి పదిహేనేళ్ళు ఆమె గృహిణిగానే గడిపింది.

సిండికేట్ పనిచేసిన విధానము

హారియెట్ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ సంస్థ పనిచేసిన పద్ధతి తెలియడం అవసరం. ఒక పుస్తకం తయారీలో ఈ క్రింది దశలు ఉండేవి.

* ముందుగా స్ట్రాటెమేయర్ ఒక పరంపరకు పేరు, ముఖ్యపాత్రలు, కల్పిత రచయిత పేరు నిర్ణయించి ప్రచురణకర్తకు ప్రతిపాదించేవాడు.
* ప్రచురణకర్త ఒప్పుకున్న తరువాత ఒక్కొక్క పుస్తకానికి కొద్ది పుటల కథాసంగ్రహం టైపు చేయించేవాడు.
* ఆ సంగ్రహాన్ని కిరాయి రచయితకు పంపేవారు. ఆ రచయిత కొద్ది వారాలలో దానిని రెండువందల పుటలకు మించిన నవలగా పెంచి వ్రాసి ఇవ్వాలి.
* వచ్చిన వ్రాతప్రతిని సిండికేట్ కార్యాలయంలో సరిదిద్ది ప్రచురణకర్తకు అందించేవారు.

రచయితకు ఒక్కసారి మాత్రమే సొమ్ము చెల్లించేవారు. 1920లలో ఆ మొత్తం సాధారణంగా 125 డాలర్లు. పుస్తకం ఎన్ని లక్షల ప్రతులు అమ్ముడుపోయినా అంతకు మించి వచ్చేది లేదు. హక్కులన్నీ సిండికేట్‌వే అని రచయిత సంతకం చేయాలి. ఆ కలంపేరును మరెక్కడా వాడకూడదు. పాఠకులు ఒకే రచయిత్రి ఉన్నదని నమ్మి ఉత్తరాలు వ్రాసేవారు. రచయిత మారినా, మరణించినా పరంపర ఆగకుండా సాగడానికి ఈ ఏర్పాటు ఉపకరించింది.

పుస్తకం ధర 50 సెంట్లు మాత్రమే కావడంతో పిల్లలు తమ చేతి డబ్బులతోనే కొనుక్కోగలిగేవారు. కాని గ్రంథాలయాధికారులు, విద్యావేత్తలు ఈ పుస్తకాలను చౌకబారు రచనలుగా భావించారు. అనేక గ్రంథాలయాలు చాలాకాలం వీటిని అరలలో ఉంచలేదు.

నాన్సీ డ్రూ ఆవిర్భావము

హార్డీ బాయ్స్ విజయవంతం కావడంతో అదే ధోరణిలో బాలికల కొరకు ఒక అపరాధ పరిశోధక పరంపరను ఎడ్వర్డ్ 1929లో గ్రాసెట్ అండ్ డన్‌లాప్ అను ప్రచురణ సంస్థకు ప్రతిపాదించాడు. కథానాయిక నాన్సీ డ్రూ పదహారేళ్ళ బాలిక, తల్లి లేని పిల్ల, న్యాయవాది అయిన కార్సన్ డ్రూ కుమార్తె. నీలిరంగు కారును స్వయంగా నడుపుకుంటూ రహస్యాలను ఛేదిస్తుంది. తొలి కథాసంగ్రహాలను ఎడ్వర్డ్ వ్రాయగా, నవలలుగా మలచినది అయోవా రాష్ట్రానికి చెందిన మిల్డ్రెడ్ వర్ట్ అను యువ పాత్రికేయురాలు. ఈమె అయోవా విశ్వవిద్యాలయంలో పాత్రికేయ విద్యలో స్నాతకోత్తర పట్టా పొందిన మొదటి విద్యార్థి. తరువాతి కాలంలో మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్‌గా ప్రసిద్ధురాలైంది.

ద సీక్రెట్ ఆఫ్ ది ఓల్డ్ క్లాక్, ద హిడెన్ స్టెయిర్‌కేస్, ద బంగళా మిస్టరీ అను మొదటి మూడు పుస్తకాలు 1930 ఏప్రిల్ 28న ఒకేసారి విడుదలయ్యాయి. పన్నెండు రోజుల తరువాత, 1930 మే 10న ఎడ్వర్డ్ న్యుమోనియాతో మరణించాడు. ఆ పరంపర సాధించిన విజయాన్ని ఆయన చూడలేదు.

అక్కాచెల్లెళ్ళ నిర్వహణ

ఎడ్వర్డ్‌కు కుమారులు లేరు. కుమార్తెలిద్దరికీ వ్యాపారంలో అనుభవం లేదు. అది ఆర్థిక మాంద్యపు తొలి సంవత్సరం. మొదట సంస్థను అమ్మివేయాలని ప్రయత్నించారు గాని, కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. సంస్థను మూసివేస్తే దానిపై ఆధారపడిన రచయితల జీవనం, కుటుంబ ఆదాయం రెండూ దెబ్బతినే పరిస్థితి. అందుచేత హారియెట్, ఎడ్నా తామే నడపాలని నిశ్చయించుకున్నారు. తండ్రి వద్ద చిరకాలం సహాయకురాలిగా ఉన్న హారియెట్ ఓటిస్ స్మిత్ మొదటి నెలలలో వారికి పని నేర్పింది. 1930 చివరిలో కార్యాలయాన్ని న్యూయార్కు నుండి తమ ఇళ్ళకు దగ్గరగా ఉన్న న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్ పట్టణానికి మార్చారు.

పనిని అక్కాచెల్లెళ్ళు పంచుకున్నారు. ప్రచురణకర్తలతో, రచయితలతో వ్యవహారాలను ప్రధానంగా హారియెట్ చూసేది. కథాసంగ్రహాల కల్పనలో ఎడ్నా పాత్ర గణనీయమైనది. 1930లలో వెలువడిన నాన్సీ డ్రూ కథలలో పలువాటికి సంగ్రహాలు ఎడ్నా వ్రాసినవే. నలుగురు పిల్లల తల్లి వ్యాపారం చేయడం ఆ రోజుల్లో అరుదు. పిల్లల పెంపకం వదలి కార్యాలయానికి వెళ్తున్నదన్న విమర్శను హారియెట్ ఎదుర్కొనవలసి వచ్చింది.

మాంద్యం కారణంగా రచయితల పారితోషికాన్ని తగ్గించారు. 75 డాలర్లకు వ్రాయడానికి మిల్డ్రెడ్ వర్ట్ నిరాకరించడంతో 8, 9, 10వ నాన్సీ డ్రూ పుస్తకాలను వాల్టర్ కరిగ్ అను రచయితచే వ్రాయించారు. ఆ పుస్తకాలు తనవని కరిగ్ తరువాత అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయానికి తెలియజేయడంతో రహస్యాన్ని కాపాడే విషయంలో హారియెట్ మరింత కట్టుదిట్టంగా వ్యవహరించింది. మిల్డ్రెడ్ కొద్దికాలానికే తిరిగి వచ్చి మొదటి ముప్ఫై పుస్తకాలలో మొత్తం 23 వ్రాసింది.

1934లో కరోలిన్ కీన్ పేరుతోనే డేనా గర్ల్స్ అను కొత్త పరంపరను ప్రారంభించారు. ఇందులో కూడా అక్కాచెల్లెళ్ళే కథానాయికలు కావడం గమనించదగినది. దీనిలోని తొలి పుస్తకాలను హార్డీ బాయ్స్ రచయిత, కెనడా దేశస్థుడు అయిన లెస్లీ మెక్‌ఫార్లేన్ వ్రాశాడు. 1938, 1939 సంవత్సరాలలో వార్నర్ బ్రదర్స్ సంస్థ బొనిటా గ్రాన్‌విల్ కథానాయికగా నాన్సీ డ్రూ పై నాలుగు చలనచిత్రాలు నిర్మించింది.

1942లో ఎడ్నా ఫ్లోరిడాకు వెళ్ళిపోయింది. అప్పటి నుండి ఆమె ఆదాయంలో వాటా పొందే భాగస్వామిగా మాత్రమే మిగిలింది. సంస్థను నడిపే తీరుపై, ఆదాయ పంపకంపై అక్కాచెల్లెళ్ళ మధ్య అభిప్రాయ భేదాలు తలెత్తాయి. ఎడ్నా 1974లో మరణించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలోనే హారియెట్ పెద్ద కుమారుడు సైనిక సేవలో ఉండగా మరణించాడు. ఈ కష్టాల నడుమ కూడా ఆమె పనిని ఆపలేదు.

రచయిత్రిగా

1948లో ఆండ్రూ స్వెన్‌సన్ సంస్థలో చేరి, 1961లో భాగస్వామి అయ్యాడు. 1953లో జెర్రీ వెస్ట్ అను పేరుతో ఆయన ప్రారంభించిన హ్యాపీ హాలిస్టర్స్ పరంపర, 1954లో వచ్చిన టామ్ స్విఫ్ట్ జూనియర్ పరంపర సంస్థకు కొత్త పాఠకులను తెచ్చాయి.

1953లో వెలువడిన ద క్లూ ఆఫ్ ది వెల్వెట్ మాస్క్ మిల్డ్రెడ్ వ్రాసిన చివరి నాన్సీ డ్రూ పుస్తకం. ఆ తరువాత నవలలను ప్రధానంగా హారియెట్ స్వయంగా వ్రాయడం మొదలుపెట్టింది. 1979లో వచ్చిన 56వ పుస్తకం ద థర్టీంత్ పెర్ల్ వరకు ఈ పని సాగింది. ఆమె విస్తృతంగా దేశాటనం చేసి, ఆ అనుభవాలను కథలలో వాడుకుంది. స్కాట్లాండు, పెరూ, హాంగ్‌కాంగ్, కెన్యా ప్రాంతాలలో జరిగే నాన్సీ డ్రూ కథలు ఈ కాలానికి చెందినవే.

మిల్డ్రెడ్ చిత్రించిన నాన్సీ దుడుకు స్వభావం కలది, పెద్దలతో సైతం ధాటిగా మాట్లాడే పిల్ల. హారియెట్ చేతిలో నాన్సీ మర్యాద, మృదుభాషణ గల యువతిగా మారింది. ఈ ఇద్దరిలో ఎవరి నాన్సీ మేలైనదన్న విషయంలో పాఠకులలో, పరిశోధకులలో భిన్నాభిప్రాయాలు కలవు.

పాత పుస్తకాల సవరణ

1950లలో కొందరు తల్లిదండ్రులు పాత పుస్తకాలలో నల్లజాతీయులను, యూదులను, వలస వచ్చినవారిని కించపరచే వర్ణనలు ఉన్నాయని ప్రచురణకర్తకు ఉత్తరాలు వ్రాశారు. గ్రాసెట్ అండ్ డన్‌లాప్ కోరిక మేరకు 1959 నుండి నాన్సీ డ్రూ, హార్డీ బాయ్స్ పాత పుస్తకాలను తిరగవ్రాసే పని ప్రారంభమైంది. ఈ సవరణలలో జరిగిన ముఖ్యమైన మార్పులు:

* 25 అధ్యాయాల పుస్తకాలను 20 అధ్యాయాలకు కుదించారు. దీనివలన ముద్రణ ఖర్చు కూడా తగ్గింది.
* నాన్సీ వయస్సు 16 నుండి 18కి పెరిగింది.
* పాతకాలపు కార్లు, మాటలు, వేషధారణ తొలగించి సమకాలీన వస్తువులను చేర్చారు.
* జాతిని కించపరచే వర్ణనలను తీసివేశారు. కొన్ని కథలను పూర్తిగా మార్చివేశారు.

అవమానకరమైన వర్ణనలు పోవడం మంచిదే అయినా, అనేక చోట్ల నల్లజాతి పాత్రలను మార్చడానికి బదులు పూర్తిగా తొలగించారని విమర్శకులు అభిప్రాయపడ్డారు. పాత పుస్తకాలలోని వర్ణనల సొగసు, నాన్సీ చొరవ కూడా ఈ సవరణలలో తగ్గిపోయాయని పాత పాఠకులు భావించారు. మన దేశంలో ఇటీవలి దశాబ్దాలలో లభించిన ప్రతులలో అధికభాగం ఈ సవరించిన పాఠాలే.

1980 నాటి వ్యాజ్యము

1970లలో హారియెట్ పత్రికలతో మాట్లాడటం మొదలుపెట్టింది. తానే కరోలిన్ కీన్ అని, నాన్సీ డ్రూ పుస్తకాలన్నీ, తొలి పుస్తకాలతో సహా, తాను వ్రాసినవేనని చెప్పుకుంది. దానిని కాదనడానికి పాత రచయితలు తమ ఒప్పందాలకు కట్టుబడి ముందుకు రాలేదు.

1979లో చౌక అట్ట పుస్తకాలను ప్రచురించడానికి ఆమె సైమన్ అండ్ షూస్టర్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. దీనితో ఐదు దశాబ్దాలుగా ఈ పుస్తకాలను ప్రచురిస్తున్న గ్రాసెట్ అండ్ డన్‌లాప్ న్యాయస్థానానికి వెళ్ళింది. 1980లో న్యూయార్కులో విచారణ జరిగింది. పుస్తకాలను ఎవరు తయారుచేశారన్న విషయం ప్రస్తావనకు రావడంతో మిల్డ్రెడ్ బెన్సన్‌ను సాక్షిగా పిలిచారు. కథాసంగ్రహాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, సొమ్ము చెల్లించిన పత్రాలు న్యాయస్థానం ముందుకు వచ్చాయి. తొలి నాన్సీ డ్రూ పుస్తకాలను వ్రాసినది మిల్డ్రెడ్ అని వాటిద్వారా స్పష్టమైంది. అప్పటికే ప్రచురితమైన పుస్తకాల గట్టి అట్ట ముద్రణ హక్కు గ్రాసెట్ అండ్ డన్‌లాప్‌కు ఉంటుందని, కొత్త పుస్తకాలను తమకు నచ్చిన సంస్థకు ఇచ్చుకునే స్వేచ్ఛ సిండికేట్‌కు ఉన్నదని తీర్పు వచ్చింది.

ఈ వ్యాజ్యం వార్తలు పెద్దగా ప్రచారం కాలేదు. 1993లో అయోవా విశ్వవిద్యాలయంలో నాన్సీ డ్రూ పై జరిగిన సదస్సు తరువాతనే మిల్డ్రెడ్‌కు విస్తృతమైన గుర్తింపు లభించింది. ఆమె 2002లో 96 ఏళ్ళ వయస్సులో మరణించింది.

కర్తృత్వంపై పరిశీలన

హారియెట్ మాట పూర్తిగా అసత్యమని గాని, పూర్తిగా సత్యమని గాని చెప్పలేము. తొలి పుస్తకాల వాక్యాలు మిల్డ్రెడ్‌వి. పాత్ర కల్పన, మొదటి కథలు ఎడ్వర్డ్‌వి. తరువాతి అనేక కథల అల్లిక ఎడ్నా, హారియెట్‌లది. 1950ల నుండి వచ్చిన నవలలలో, సవరణలలో హారియెట్ కృషి ప్రధానమైనది. సంస్థలో పనిచేసిన ఇతరుల సహాయం కూడా కలదు. తండ్రి ఆరంభించి అర్ధంతరంగా విడిచిన పనిని యాభై ఏళ్ళు నిలబెట్టినందున ఆ పుస్తకాలన్నీ తమ కుటుంబానివేనని ఆమె భావించి ఉండవచ్చును. ఆ భావన వలన ఎడ్నాతో సహా ఇతరుల పేర్లు మరుగున పడిపోయాయి.

మరణము, తదనంతర పరిణామాలు

హారియెట్ 1982 మార్చి 27న న్యూజెర్సీలోని పాటర్స్‌విల్‌లో తన వ్యవసాయ క్షేత్రంలో గుండెపోటుతో మరణించింది. అప్పుడు ఆమె వయస్సు 89 సంవత్సరాలు. 1984లో సైమన్ అండ్ షూస్టర్ సంస్థ సిండికేట్‌ను కొనివేసింది. దీనితో ఎనభై ఏళ్ళ కుటుంబ వ్యాపారం ముగిసింది. సిండికేట్ దస్తావేజులలో అధికభాగం న్యూయార్కు ప్రజా గ్రంథాలయానికి చేరి, పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఏ పుస్తకానికి ఎవరు సంగ్రహం వ్రాశారు, ఎవరు నవలగా వ్రాశారు అన్న వివరాలు వీటి నుండే వెలుగులోకి వచ్చాయి.

విశేషాలు

* నాన్సీ డ్రూ పాత్ర ఫ్రెంచి అనువాదాలలో ఆలిస్ అని, స్వీడన్‌లో కిట్టీ అని పేర్లు మార్చుకుంది.
* 1977లో హార్డీ బాయ్స్, నాన్సీ డ్రూ కథల ఆధారంగా అమెరికా ఏబీసీ టెలివిజన్‌లో ధారావాహిక ప్రసారమైంది.
* అమెరికా సర్వోన్నత న్యాయస్థాన న్యాయమూర్తులైన సాండ్రా డే ఓకానర్, రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, సోనియా సోటోమేయర్ ముగ్గురూ బాల్యంలో నాన్సీ డ్రూ పుస్తకాలు చదివినవారే.
* ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ఆంగ్ల మాధ్యమ పాఠశాలల విద్యార్థులకు కూడా నాన్సీ డ్రూ, హార్డీ బాయ్స్ పుస్తకాలు చిరపరిచితాలు.
* 1927లో వెలువడిన మొదటి మూడు హార్డీ బాయ్స్ పుస్తకాల తొలి పాఠాలు 2023 జనవరి 1 నుండి అమెరికాలో కాపీహక్కు పరిధి దాటి ప్రజల సొత్తు అయ్యాయి.